చెయ్యి జారలేదు

నా వయసు కార్డులో ముప్పై నాలుగు. అది పెళ్ళికోసం పెంచి రాయించింది. అసలు ఇరవై ఎనిమిది. వృత్తి ఇస్త్రీ. మార్కెట్ వెనక వీధిలో నా భర్తా నేనూ లాండ్రీ నడుపుతాం. ముందుగది కొట్టు, వెనకగది కాపురం.

నాకు పన్నెండో ఏట పెళ్ళి చేశారు. అప్పటికి ఒక పాలపన్ను ఇంకా ఊగుతోంది. అది అత్తగారింట్లో ఊడింది. చూపించుకోడానికి ఎవరూ లేక మింగేశాను. నా భర్తకి అప్పటికే మీసాలు ముదిరాయి. మొదటి ఏడాది సంగతి మీరు అడగలేదు, నేనూ చెప్పను. పదిహేను నిండకుండానే బిడ్డ పుట్టింది. అప్పట్నుంచి నిలబడితే నడుం లాగేస్తుంది. నాదేమో నిలబడి చేసే పని.

ఆ బిడ్డకిప్పుడు పదమూడు. నిన్న పొద్దున పది గంటలకి రంగుల కొట్టాయన వచ్చాడు. పెళ్ళాం పోయినాయన. నా భర్త కుర్చీ వేసి, "పిల్లని పిలువు" అన్నాడు.

"బడికెళ్ళాలి" అన్నాను.

"ఇంకెక్కడి బడి? మాటిచ్చేశాను. వచ్చే వారమే పెళ్ళి."

గుమ్మంలో కూర్చున్న మా అత్త, "నాకు తొమ్మిదో ఏట చేశారు. నేను చచ్చానా? నువ్వు చచ్చావా?" అంది.

నేను ఇస్త్రీ ఆపలేదు. చొక్కా కాలరు రుద్దుతున్నాను.

పిల్ల వెనకగదిలో గడియ పెట్టుకుంది. రంగుల కొట్టాయన "సిగ్గు" అని నవ్వాడు. సిగ్గు కాదు. లోపల వాంతి చేసుకుంటోంది, నాకు వినపడుతోంది. ఆ కొట్టాయనే లేచి తలుపు నెట్టాడు. గడియ ఊడింది. పిల్ల మణికట్టు పట్టుకుని బయటికి లాగాడు. వదలండి అన్నాను. వదలండి అన్నాను. "కాబోయే మొగుడు చెయ్యి పట్టుకుంటే తప్పేంటే?" అన్నాడు నా భర్త. ఇస్త్రీపెట్టె ఎత్తి, పిల్లని పట్టుకున్న ఆ చేతిమీద పెట్టాను. వదిలాడు.

పిల్లని పక్కింటి టీచరమ్మకి అప్పజెప్పి, నా అంతట నేనే స్టేషనుకి బయల్దేరాను. వీధి మలుపులో మా అత్త రొప్పుతూ వచ్చి నా భుజం పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. "చెయ్యి జారిందని చెప్పవే పిచ్చిదానా. నిన్ను లోపలేస్తే దానికి దిక్కెవరే?" అంది. ఏడుస్తోంది. ఆవిడ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

చెయ్యి జారలేదు. పెట్టి, నొక్కాను.

పెళ్ళి ఆపించామని, పిల్లని తండ్రికి అప్పగించబోమని ఇన్‌స్పెక్టరుగారు చెప్పారు. చేసినదానికి బాధ లేదా అని కూడా అడిగారు. నా పెళ్ళినాడు మా అమ్మ నా పక్కనే ఉంది. చేతులు ఖాళీ లేవు, నాకు జడ వేస్తోంది. బాధ అది. రాసుకోండి.

ఇదంతా చదివి వినిపించారు. 'నొక్కాను' అన్న ఒక్క ముక్క తీసేస్తే నీకే మంచిదమ్మా అన్నారు, రాస్తున్న రైటరుగారు. వద్దన్నాను. ఎవరి బలవంతమూ లేదు. నా నోటితో చెప్పిన నిజం ఇది, ఆ ముక్కతో సహా.

(సంతకం)