ఉపవాసం ఉన్న కమాను

చౌరమ్మని ఒకామె ఉండేదంట, మేస్త్రీ రాయప్ప పెళ్ళాం. నోట్లో నాలుక లేని మనిషి, నలుగురిలో మాట్లాడమంటే చెమటలు పట్టేయంట. మన ఏసుప్రభువు గుడి కట్టేటప్పటి మాట ఇది. అప్పుడు ఇక్కడ తెల్లాయన ఒకాయన సోములోరుగా ఉన్నాడు. వాళ్ళ దేశంలో ఆయన పుట్టిన ఊరి గుడి ఎట్టా ఉంటదో అట్టాగే ఇక్కడా కావాలని బొమ్మ గీసిచ్చాడంట. ఎదర రెండు గోపురాలు, మొనదేలిన కిటికీలు, వాటికి రంగురంగుల అద్దాలు, లోపల పీఠం ముందు ఇంతెత్తు కమాను. దూలం లేకుండా ఇటుకలు గాల్లో నిలబడతయ్యని రాయప్పకి తప్ప ఇంకెవరికీ నమ్మకం లేదనుకో. కింద గుంజలు నిలబెట్టి, వాటి మీద చెక్కల చట్రం పెట్టి, దాని మీద ఇటుక పేర్చుకుంటా వచ్చాడు. సున్నం పని ఆడోళ్ళది. గానుగాడిన సున్నంలో బెల్లంనీళ్ళు, కరక్కాయ నీళ్ళు, కోడిగుడ్డు సొన కలిపి దంచితే రాయల్లే పట్టుద్దంట.

ఏమైందంటే, కమాను మూసే పనిలో ఉండగా పాస్కా ముందరి నలభై రోజుల తపస్సుకాలం వచ్చింది. అప్పుడు మనం గుడ్డు ముట్టుకోం గదా. వీళ్ళందరూ కొత్తగా మతంలో కలిసినోళ్ళు, భక్తి ఎక్కువ. ఆరోగ్యమ్మని ఒక పెద్దామె, "ఏమే చౌరీ, మనం ఉపాసాలుంటా దేవుడి గుడికి గుడ్డు తినిపిస్తామటే? పాపం కాదూ? అదీ ఉపాసం ఉండాల" అందంట. నవ్వమాకండే, అందరూ నిజమేననుకున్నారు. గుడ్లన్నీ కోళ్ళ కింద పొదగేసి, సొన లేకుండానే సున్నం దంచారు. మేస్త్రీకి ఎవరూ చెప్పలా. అడిగితేగా చెప్పటానికి.

ప్రభువు లేచిన పాస్కా పండగ అయిపోయింది. గుడిని దీవించటానికి బిషప్పుగారు వస్తన్నారని కబురు. గుంజలు తీసెయ్యాల. తీసేటప్పుడు కట్టిన మేస్త్రీ కమాను కిందే నిలబడాల, అది వాళ్ళ పనిలో ఆచారం. నిలబడకపోతే ఆ కమాను కింద ఇంకెవరూ అడుగు పెట్టరు. రాయప్ప తలగుడ్డ చుట్టుకుని, శిలువ గుర్తేసుకుని పోయి నిలబడ్డాడు. వాళ్ళ తమ్ముడు చిన్నప్ప సమ్మెటతో ఒక్కో గుంజా పడగొడతన్నాడు. ఊరంతా చూస్తంది. ఒకటి తీస్తే సన్నంగా సున్నం రాలింది. ఇంకోటి తీస్తే చట్రం కిర్రుమంది. చౌరమ్మ ఆరోగ్యమ్మ వంక చూసింది. ఆరోగ్యమ్మ తల దించుకుంది.

ఇంక ఒక్కటే ఉంది. చిన్నప్ప సమ్మెట ఎత్తాడు. "ఆగు చిన్నప్పా!" అని అరిచిందంట చౌరమ్మ. ఆ గొంతు అంతకు ముందు ఎవరూ విన్లేదు. పరిగెత్తుకుంటా మొగుడి దగ్గరికి పోయి, దీంట్లో గుడ్డు లేదయ్యా, తపస్సుకాలమని మేం ఎయ్యలా, నీకు దణ్ణం పెడతా ఇవతలికి రా అని ఏడ్చింది. సోములోరికి అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది, అర్థమయ్యాక మొహం ఎర్రగా అయింది. "గోడకి తపస్సేమిటమ్మా! ఎవరు చెప్పారు మీకు?" "మీరేగా సోమీ, ఇల్లంతా ఉపాసం ఉండాలని ప్రసంగంలో చెప్పింది" అని వెనకనించి ఆరోగ్యమ్మ.

రాయప్ప పైకి చూశాడు. "నువ్వు బయటికి పో." "పోను. ఇటుక నీది, సున్నం నాది." "పోవే, చస్తావ్!" "నువ్వు చస్తే నేనుండి ఏం చేసుకుంటా" అని పంచె చెంగు పట్టుకుంది. సున్నం దంచిన ఆడోళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. ఇంతమందిని పెట్టుకుని గుంజ కొట్టమనటానికి రాయప్పకి నోరు రాలా. అందర్నీ తోలుకుని తనూ బయటికొచ్చాడు. గుంజకి మోకు కట్టించి దూరంనించి లాగించాడు. దబ్బున చట్రం పడింది. దుమ్మంటే దుమ్ము. అది అణిగిందాకా కళ్ళు తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. చూస్తే, కమాను అట్టాగే ఉంది.

ఉంది గానీ, మేస్త్రీ కింద నిలబడలేదుగా! ఇంక ఎవరు పోతారు? మొగోళ్ళంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటన్నారు. రాయప్ప సిగ్గుతో చచ్చిపోతన్నాడు. చౌరమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, ఎవరి వంకా చూడకుండా తిన్నగా పోయి కమాను కింద మోకాళ్ళేసింది. మీద సున్నప్పొడి రాలితే దులుపుకోను కూడా లేదంట. ఆమె ఎనక ఆడోళ్ళు. వాళ్ళు పరలోక జపం చెప్పిందాకా ఆగి చూసి, అప్పుడు కదిలారు మొగోళ్ళు.

ఇప్పటికీ మన గుళ్ళో ఆడోళ్ళు పోయి కూర్చున్నాకే మొగోళ్ళు వస్తారు. మొన్నొచ్చిన కొత్త సోములోరు చూసి, ఈ ఊళ్ళో ఆడవాళ్ళకి ఎంత గౌరవమో అని మెచ్చుకున్నాడు. గౌరవమా పాడా. కమాను పడుద్దో లేదో ముందు మమ్మల్ని పెట్టి చూస్తన్నారు.