నాచునీళ్ళ బావ

ఆ డ్రమ్ము మూత అలా ఒక్కసారిగా తియ్యకమ్మా, ముక్కు పగిలిపోతుంది! చూశావా, చెప్తే విన్నావు కాదు. మీ నానమ్మ ఆపరేషనుకి వెళ్తూ వెళ్తూ ఏమందో తెలుసా? "తమ్ముడూ, నా సంగతి సరే, మొక్కలకి నాచునీళ్ళు మర్చిపోకు" అంది. ఈ అక్కే, కాపరానికొచ్చిన కొత్తలో ఈ కంపు పడలేక వీధిలో నిలబడి బావని కడిగిపారేసింది. మీ తాతని నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. గాలివాన వెలిసిందంటే చాలు, కొట్టు కట్టేసి సైకిలెక్కి సముద్రం ఒడ్డుకి పరుగు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచంతా గోనెసంచుల్లో కుక్కి తెచ్చి, ఉప్పు వదిలేదాకా కడిగి, డ్రమ్ములో నానేసేవాడు. "ఇంట్లో తాగడానికి చుక్క లేదు, దొరగారు నాచుకి తలంటి పోస్తున్నారు!" అని అక్క. ఇప్పుడీ నాచురసం కొట్లో సీసాల్లో దొరుకుతోందిగా, అక్క వింటుందా? ఒడ్డునించే తెప్పించుకుంటుంది. ఫోను మోగిందా? లేదూ? నాకేదో వినపడినట్టయింది.

ఒక మగ్గు చాలు, బకెట్టు నిండా నీళ్ళు కలుపు. చిక్కగా పోస్తే బలమనుకోకు, వేళ్ళు మాడతాయి. పలచటి టీ రంగు రావాలి. ఆఁ, ఏం చెప్తున్నాను? బావ సంగతి కదూ. ఇదిగో, ఈ నిమ్మచెట్టే. ఒక ఎండాకాలం ఆకన్నది లేకుండా మోడైపోయింది. పొయ్యిలోకైనా పనికొస్తుందని అక్క కత్తి పట్టుకొచ్చింది. బావ వంగి గోటితో బెరడు గీకాడు. లోపల పచ్చగా కనపడిందో లేదో, "ఉందే! ఉంది!" అని ఒకటే కేక. పక్కింటివాళ్ళు పామనుకుని కర్రలు పట్టుకొచ్చారు! ఇక వారం వారం దానికి నాచునీళ్ళే. అక్క ఊరుకుంటుందా, "చచ్చినదానికి సేవలు" అని ఒకటే సణుగుడు. తీరా వానలు పడ్డాక చూస్తే కణుపు కణుపుకీ చిగురు. "ఇది మందు కాదోయ్ బావమరిదీ, ప్రాణం పొయ్యదు. ప్రాణముంటే కాస్త ఓపికిస్తుంది, అంతే" అనేవాడు. పక్కింటి గులాబీకీ పోశాడు. తర్వాత ఓ రోజు గీకి చూశాడు, ఏమీ అనలేదు. బావ సంగతి అంతే. ఉంటే వీధంతా వినపడేలా అరిచేవాడు, లేకపోతే నోరు మెదపకుండా లేచి చేతులు కడుక్కునేవాడు.

అవునూ, మీ నాన్న పొద్దుననగా వెళ్ళాడు, ఒక్క ఫోనూ లేదేం? మంచి కబురైతే చెప్పడా? నాకు కూర్చోబుద్ధి కావట్లేదు, నించోబుద్ధి కావట్లేదు. అక్క కాకపోతే నన్ను తమ్ముడూ అని పిలిచేవాళ్ళు ఇంకెవరున్నారమ్మా... అదిగో, మోగుతోంది! నువ్వెత్తు, నా చేతులు తడి. ఎత్తమ్మా! ఏమంటున్నాడు? ఏంటలా చూస్తావు, నోరు మెదపవేం? ఉందా? ఉందా అమ్మా? గట్టిగా చెప్పవే, మీ తాత మనవరాలివి కావూ! ... అదీ అరుపంటే, వీధంతా వినపడింది! సరే సరే, ఏడవకు. ఆ బకెట్టు ఇలా తే, చిక్కుడు పాదుకి పొయ్యనే లేదు. ఇంటికి రాగానే నన్నే తిడుతుంది.