తిరిగే కుర్చీలో ప్రొఫెసరు

జ్యూరిక్‌లోని ఒక ప్రయోగశాలలో, మనుషుల్ని తిప్పి కళ్ల కదలికని పరీక్షించే తిరిగే కుర్చీని ఇరవై ఏళ్లుగా నడుపుతున్న ఆవిడ, ట్రామ్ కంపెనీకి ప్రొఫెసరు రాసిన ఉత్తరం చదివింది. ఒళ్లు మండింది.

“ట్రామ్ డ్రైవర్ హుర్లిమాన్‌ని పనిలోంచి తప్పించమన్నారా?”

“కుర్చీ ఆగాక కూడా ఆయన కనుగుడ్లు అరనిమిషం ఆడాయి. మెదడు బాగుంటే పది సెకన్లలో ఆగాలని నా కంప్యూటర్ మోడల్ చెబుతోంది.”

“దానికి ఎవరి కళ్లు చూపించి నేర్పారు?”

“ఆరోగ్యవంతులు ఆరుగురివి.”

“ఆరుగురూ మీ శిష్యులే కదండీ. మూడేళ్లుగా రోజూ తిప్పి వాళ్లకి అలవాటు చేసింది నేనే. బొంగరానికి కళ్లు తిరుగుతాయా?”

“మోడల్ ఇంతవరకూ తప్పలేదు.”

“మళ్లీ ఆ ఆరుగురి మీదే పరీక్షిస్తే ఎందుకు తప్పుతుంది? మీరెప్పుడైనా ఇందులో కూర్చున్నారా?”

“నాకంత తీరికేదీ?”

“ఒక్క నిమిషం పనే. బెల్టు పెట్టుకోండి.”

కుర్చీ గిర్రున తిరిగి ఆగింది.

“ఇక ఆపండి.”

“ఆపి చాలాసేపయింది, ప్రొఫెసర్‌గారూ. మీ కళ్లే ఇంకా ఆగలేదు.” ఆవిడ బకెట్ అందించింది. “ముప్పై నాలుగు సెకన్లు.”

“మోడల్... ఏమంటోంది?”

“జబ్బంటోంది. ఉత్తరంలో హుర్లిమాన్ పేరు కింద మీ పేరూ చేర్చనా?”