అమ్మోరు పోసిన డైనమో

ఏందీ? మీ తాత కారు డైనమో ఇంట్లనే మార్చిండా అంటవా? మార్చిండు బిడ్డా. నువ్వు ఫోన్ల జూసుకుంట ఇప్పుతున్నవు గని, ఆయనకు ఫోనెక్కడిది, బట్ట నేసే సాంచెల పనే ఆయన సదువు. మీరు ఆల్టర్నేటర్ అంటరేమో, మేం డైనమో అనేటోళ్లం.

సిరిసిల్లల సాంచెలు నడిపి నడిపి ఇసుగచ్చి, పాత అంబాసిడర్ ఒకటి కొనుక్కొని కోనరావుపేటకు అచ్చినం. కిరాయికి తిప్పేటోడు. డీజిలు గప్పుడు మూడు రూపాయలో, నాలుగో... యాదికి లేదు తియ్యి.

ఒకదినం అడివిల ఉండే అన్నలు, తుపాకులతోని, బండి ఆపి ఎక్కిన్రు. ఎక్కద్దంటె ఊకుంటరా? దించచ్చిండు. అప్పటిసంది పోలీసోళ్ల కండ్లు మీ తాత మీదనే. రెండు దినాలు ఠాణల కూసోబెట్టిన్రు. "మల్లోపారి ఏమన్న దొరికితే ఇంటికి పోవు" అన్నరు. గసొంటి టైముల డైనమో పోయింది, సూడు! కొత్తది సిరిసిల్లల దొరుకుతది. గని వైర్ల ఇనుప ముద్ద ఆయన సంచిల దొరికితే బాంబుదే అంటరు గదా. ఇగ నేనే పోత అన్న.

పోయి కొన్న. మా మామ నేసిన ఎర్ర చెద్దరుల చుట్టి, పసిపిల్లగాని లెక్క సంకనేసుకున్న. నడిమిట్ల పోలీసోళ్లు బస్సు ఆపి అందర్ని దింపిన్రు. నేను దొరికినా పట్టుకపోయేది ఆయననే గదా. రోడ్డు పక్కకు యాపచెట్టుంటె, ఒక రెమ్మ తెంపి చెద్దరు మీద పెట్టిన. మా ఠాణ జమేదారు అచ్చిండు, గింత మీసాలు. "పిల్లగాని మొకం చూపెట్టమ్మా" అన్నడు.

"అమ్మోరు పోసింది సారూ, గాలి తగలద్దు" అన్న.

ఆయన బూట్లిప్పిండు బిడ్డా! బూట్లిప్పి, డైనమోకు రెండు చేతులెత్తి మొక్కిండు. "పేరేందమ్మా" అంటె, నోటికచ్చింది, "రాజయ్య" అన్న. ఇగ బస్సుల నా పక్కకు ఎవ్వలన్న కూసుంటె ఒట్టు. పోచమ్మతల్లికి మాత్రం ఆ ఐతారమే కోడిని కోసిన, తప్పు తప్పే గదా.

మీ తాత బ్యాటరీ వైరు ఇప్పి, పాతది తీసి, రాజయ్యను పెట్టిండు. సాంచెల అటిటు ఉరికే నాడెను కొట్టే కట్టె ఉంటది సూడు, దాన్ని సందుల పెట్టి ఎగదీసి బెల్టు పట్ట బిగించిండు. బండి చాలు చేస్తె ఎర్ర లైటు ఆరిపోయింది. నేను చప్పట్లు కొడుతున్న, అగో, వాకిట్ల జమేదారు! లుంగీ మీద అచ్చిండు. కారు మీద చెద్దరు, చెద్దరు మీద యాపరెమ్మ, అన్ని అట్లనే ఉన్నయి. చెద్దరు దిక్కు చూసిండు, ఇంజిను దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. అయిపోయింది, ఇగ మీ తాతను పట్టుకపోతడనుకున్న.

"కోరుట్లల నా మనుమని తొట్టెల పండుగ. బస్సుల పోతె అన్నలు గుర్తుపడుతరు. తీస్కపోతరా?" అన్నడు మెల్లగ.

తీస్కపోయినం. ఆయనను ఎనుక సీట్ల పండవెట్టి గదే ఎర్ర చెద్దరు కప్పిన. మీ తాత పక్కకు నేను. మేడిపల్లి దాటంగనే అన్నలల్ల ఇద్దరు పిల్లలు చెయ్యడ్డం పెట్టిన్రు, తుపాకులున్నయి. "ఎవరమ్మా వెనుక?" అన్నరు.

"మా అన్న. అమ్మోరు పోసింది" అన్న.

దేవుడే లేడనేటోళ్లు గూడ నాలుగడుగులు ఎనుకకు జరిగిన్రు!

కోరుట్లల దిగి, చెద్దరు మంచిగ మడతపెట్టి నా చేతికిచ్చిండు జమేదారు. మీసం కింద నవ్వుకుంట, "రాజయ్యకు నయమైందా చెల్లే?" అన్నడు.

"నయం కాకుంటె మిమ్ముల గింత దూరం ఎట్ల తెచ్చిండు సారూ" అన్న.

మల్లెప్పుడు మీ తాతను ఠాణకు పిలువలే. సల్లంగుండాలె ఆ జమేదారు, ఏడున్నడో... నువ్వు గూడ సల్లంగుండు బిడ్డా. ఆ పట్ట జర గట్టిగ గుంజు. ఏమన్న గుడ్డ కావాల్నా? అగో, సందుగ పెట్టెల ఎర్రది ఉన్నది. దాన్ని మాత్రం ముట్టకు.