ఆదెమ్మ గేదె మీద పదకొండు కాగితాల అర్జీ

పద్మనాభమని ఒక వకీలంట. కంపెనీ దొరల రోజుల్లో, గోదావరి గట్టున జిల్లా కోర్టు కొత్తగా పెట్టినప్పుడు, ఇరవై రెండేళ్ళకే సన్నదు పుచ్చుకున్నాడనుకో. సన్నదంటే కోర్టులో మాట్లాడ్డానికి దొర ఇచ్చే కాగితం. వాళ్ళ నాన్న ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు, మావాడు వకీలయ్యాడని. వీడికేమో మనసంతా రాతల మీద. కథలు రాయాలి, తన కథ పదిమంది కూర్చుని వినాలి, విని ఔరా అనాలి. అదొక్కటే యావ. ఆ కోరిక తప్పని నేననను. పక్కోడి బతుకు చేతిలో పెట్టుకుని తన ముచ్చట తీర్చుకుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుద్ది. ఏం చేశాడో వినండి.

ఆదెమ్మని ఒక ముసలావిడ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉన్నది ఒక్క గేదె. ఆ గేదె పాలే ఆమె కూడు. ఆ ఊరి పెత్తందారు వీరభద్రుడు ఆ గేదెని తోలుకుపోయి తన దొడ్లో కట్టేసుకున్నాడంట. అడిగితే, ఇది నా గేదె, నా దొడ్లోనే పుట్టింది పో అన్నాడంట. అది ఎవరి గేదో ఊళ్ళో తెలియనోడు లేడు. నోరు విప్పినోడూ లేడు. ఎట్టా విప్పుతారు, అందరి చేలకీ నీళ్ళు వదిలేది ఆయన మనుషులే. నేనూ పదకొండేళ్ళు కోర్టు మెట్లెక్కిన మనిషినే, సాక్షి అంటే ఎంత దొరకని సరుకో నాకు తెలుసు. సరే, నా సంగతి వద్దు.

ఏమైందంటే, ఆదెమ్మ రెండామడలు నడిచి పద్మనాభం అరుగెక్కింది. "నాయనా, సాక్షులెవరూ రారంట. నా గేదె నాకిప్పించు" అంది. వీడు అడిగిందేంటో తెలుసా? "మామ్మా, దాన్ని లాక్కెళ్ళిన పూట మబ్బు పట్టిందా, ఎండ కాసిందా? గేదె నీ గుమ్మం వైపు తిరిగి చూసిందా?" అని. "చూసిందో లేదో నాకేం తెలుసయ్యా, నేను కల్లంలో ఉన్నాను. వచ్చేసరికి గుంజ ఖాళీ" అందంట. "నువ్వు చూడలేదా? మరీ మంచిది" అన్నాడంట. ఎందుకు మంచిదో ఆమెకేం తెలుసు. తనకి నచ్చినట్టు రాసుకోవచ్చని వీడి సంబరం.

ఆ కోర్టు పద్ధతేంటంటే, అర్జీని గుమాస్తా పైకి చదవాలి. వాదీ ప్రతివాదీ నిలబడి మొత్తం వినాలి. చదవడం అయ్యాకే అవుననో కాదనో జవాబు, మధ్యలో నోరెత్తకూడదు. దుబాసీ పక్కన నిలబడి దొర చెవిలో వాళ్ళ భాషలో చెప్తా ఉంటాడు. ఎవడైనా అర్జీ అర కాగితం రాస్తాడు. వీడు పదకొండు కాగితాలు రాశాడు. మొదటి రోజంతా గేదె పుట్టుకే సరిపోయిందనుకో. తల్లిగేదె ఎట్టా ఈనిందీ, దూడ ఎట్టా తడబడుతూ లేచిందీ. రెండో రోజు గోదాట్లో గేదె స్నానం. బయట శనగలమ్మేవాళ్ళు, పడవలవాళ్ళు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారంట. వీడికి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆదెమ్మ పట్టుకుంది వాణ్ణి. "అయ్యా, నువ్వు రాసేకొద్దీ వాడు పిండుకుంటున్నాడు." "రేపు మంచి ఘట్టం వస్తుంది మామ్మా." "ఘట్టం నాకెందుకు, గేదె కావాలి." దొరకీ విసుగొచ్చింది. రేపు అసలు సంగతికి రాకపోతే అర్జీ కొట్టేస్తాను, నీ సన్నదు కూడా లాక్కుంటాను అన్నాడంట. వీడు రాత్రి నిద్రపోయాడా అంటే పోయాడు, హాయిగా. వాడికేం, గేదె వాడిది కాదుగా.

మూడో రోజు గుమాస్తా ఎత్తుకున్నాడు. వీరభద్రుడికి ఒంటరిగా రావడానికి భయమేసి నలుగురు పాలేర్లని వెంటబెట్టుకొచ్చాడంట. గడ్డివామి వెనక నక్కాడంట. గేదె ఒక్కసారి బుసకొడితే వెనక్కి తూలి పేడకుప్పలో కూలబడ్డాడంట. పాలేర్లు గేదెని లాగుతుంటే ఈయన పాక మీదికెక్కి, పంచె ఊడిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, పదండి పదండి అని అరిచాడంట. ఇదంతా పద్మనాభం సొంత కల్పన, ఒక్క ముక్క నిజం లేదు. కోర్టు కోర్టంతా పొట్ట పట్టుకుంది. జవాను మొహం తిప్పుకున్నాడు. వీరభద్రుడి మీసాలు వణికాయి. వణికి వణికి, ఇంక ఆగలేకపోయాడు. "ఆపవయ్యా. నలుగురా? ఎవడు చెప్పాడు నలుగురని? నేనొక్కణ్ణే వెళ్ళాను. దాని గుమ్మం ముందే పలుపు విప్పి, పట్టపగలు, ఒంటిచేత్తో లాక్కొచ్చాను. గేదె కిక్కురుమనలేదు. పేడకుప్పంట, పేడకుప్ప" అన్నాడు.

దుబాసీ అది చెప్పాడు దొరకి. దొర మెల్లిగా అడిగాడంట, "ఎవరి గుమ్మం ముందు?" అని. పొద్దు గుంకేలోగా గేదె ఆదెమ్మ ఇంట్లో ఉండాలని హుకుం అయిపోయింది. పద్మనాభం లేచి "దొరవారూ, ఇంకా మూడు కాగితాలున్నాయి, ఆఖరిది బాగా కుదిరింది" అన్నాడంట. దొర కుర్చీలోంచి లేచి భోజనానికి వెళ్ళిపోయాడు. వీడు మెట్ల మీద ఆదెమ్మ వెంటపడ్డాడు, కథ ఎట్టా ఉంది మామ్మా అని. "అన్నీ అబద్ధాలేగా నాయనా. నా గేదె ఎవరిమీదా బుసకొట్టదు" అని చెప్పి, ఆగకుండా నడిచిపోయిందంట. జనం మాత్రం, అబ్బ, ఏం ఎత్తు వేశాడురా, ఇట్టాంటి వకీలు ఉండడు అన్నారు. ఎత్తు కాదు మొర్రో, కథ రాశాను అంటే వినేవాడేడీ. తెల్లారేసరికి అరుగు మీద ఇరవైమంది కక్షిదారులు. ముసలాడై పోయేదాకా వాణ్ణి గొప్ప వకీలనే అన్నారు గానీ, కథ బాగుందన్నవాడు ఒక్కడు లేడంట.

బాగా అయింది వాడికి అంటాను నేను. ఎందుకో చెప్తాను. గేదె ఇంటికొచ్చాక మూడు రోజులు చేపలేదంట, పొదుగులోకి పాలు దిగలేదు, బెదిరిపోయి ఉంది పాపం. ఆదెమ్మ చెంబు పక్కన పెట్టి, దాని పొట్టకి తల ఆనించి, పొద్దున్నా సాయంత్రం అట్టా ఊరికే కూర్చునేదంట. నాలుగోనాడు దానంతటదే చేపింది. రాసుకునేవాడికి రాయాల్సింది అదిరా. రెండామడల దూరమే, ఒక్కనాడు వచ్చి చూసిపోయాడా?