బ్రష్షు పట్టుకుని ఒక్క ఫోటో

1962. బళ్ళారి సత్యనారాయణపేటలో, బోర్డులూ నాటకాల పరదాలూ మనుషుల పటాలూ రాసే కోదండరామి ఇంటి ముందుగది. మధ్యాహ్నం. మరునాడు హైస్కూలు హాల్లో అతని పటాలనూ, స్నేహితుడు పున్నయ్య తీసిన ఫోటోలనూ కలిపి ప్రదర్శనకు పెడుతున్నారు. కాలువ కింద సేద్యానికని గుంటూరు వైపు నుంచి కురుగోడు వచ్చి స్థిరపడిన కుటుంబం పున్నయ్యది. అతను కెమెరా మెడలో వేసుకుని కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. కోదండరామి బ్రష్షు ముట్టకుండా దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"ఆ బ్రష్షు పట్టుకోవయ్యా బాబూ! ఎంతసేపని నిలబడను?"

"పట్టుకుంటా లేప్పా. ఏం, అది యాడికన్నా పారిపోతాదా?"

"అది పోదు. వెలుతురు పోద్ది. ఇంకో గంటైతే ఈ కిటికీలో ఎండుండదు."

"ఈ అంగీ బాగలేదు. అంతా రంగులు పడినాయి."

"రంగులేసేవాడి చొక్కా మీద రంగులు కాక విబూది పడుద్దా?"

"అట్ల కాదు. పేపర్లో వస్తే మా బామ్మర్ది నగుతాడు."

"పేపర్లో ఎందుకొస్తది? హాలు గుమ్మం దగ్గర పెడతాం, అంతే. ఓ పక్క కెమెరాతో నేను, ఇంకో పక్క బ్రష్షుతో నువ్వు. ప్రదర్శన పెట్టిస్తున్న వెంకటకృష్ణయ్య మేష్టారు మరీ మరీ చెప్పారు కదా."

"ఆ ఐవారు ఇంగేం చెప్పినాడో నీకు జ్ఞాపకముండాదా? మనిద్దరమూ స్టేజీ ఎక్కల్లంట. 'మీకు ప్రేరణ యాడి నుంచి వచ్చింది' అని అడుగుతాడంట."

"అడగనీ. దానికేం?"

"నాకు యాడి నుంచీ రాలేదే! మా నాయన పరదాలు రాస్తాండె. ఆయప్ప పోయినాక మిగిలిన రంగు డబ్బాలు ఎండిపోతాయని నేను పట్టుకుంటి. ఇది స్టేజీ మీద చెప్పేదా?"

"చెప్పు. నిజమే కదా."

"నేను మొదట రాసిన అడవి పరదా సంగతి గూడా చెప్పల్నా? సింహం రాస్తి. నాటకం నడస్తాంటే ముందు వరసలో ముసలామె 'అయ్యో, కుక్కకు ఎండదెబ్బ తగిలినట్టుండాది, నీళ్ళు పెట్టండప్పా' అనె. నాటకం నిలిచిపాయె. రాజు ఏషం కట్టినోడు గూడా నగేకి మొదలుపెట్టె."

"అది తప్పకుండా చెప్పు. హాలు నిండుద్ది."

"నిండేది గాదు, లేసి పోతారు. నువ్వేం చెప్తావు?"

"నేనా... ప్రకృతి అంటాను."

"ప్రకృతి!"

"నవ్వకు. తుంగభద్ర నీళ్ళు, పచ్చటి పొలాలు, శ్రమలో సౌందర్యం..."

"శ్రమలో సౌందర్యం! నీ కాలికి బురద అంటింది నేను ఎప్పుడూ చూల్లేదే. మీ నాయన పెదబాబు కనపడితే సాలు, 'మావోడు మళ్ళోకి దిగడు, గట్టు మీదనే తిరుగుతాడు' అని నాతో ఒకటే మొర."

"గట్టు మీద తిరిగితేనే కదా ప్రైజొచ్చింది!"

"హౌదు, నిజమే. బెంగుళూరులో ప్రైజు. ఆడోళ్ళు నాట్లేస్తాండారు. పైన మబ్బు చీలి ఎండ పడతాండాది. అందరూ ఒక్కసారే తలెత్తి నగుతాండారు. నిజం చెప్తానప్పా, అది చూసి నాకు కండ్లలో నీళ్ళొచ్చె. అందరినీ ఒక్క తూరే అట్ల ఎట్ల నగించినావు?"

"అదంతే. ఓపిక. ఆ క్షణం కోసం కాచుకోవాలి."

"ఎంతసేపు కాచుకుంటివి?"

"చాలాసేపు."

"చాలాసేపంటే?"

"నువ్వు బ్రష్షు పట్టుకుంటావా, లేదా?"

"నువ్వు చెప్పు, నేను పట్టుకుంటా."

"ఎవరితోనూ అనకూడదు."

"సుంకలమ్మ తోడు."

"నేను తీయబోయింది ఆడోళ్ళని కాదు. ట్రాక్టర్ని."

"ట్రాక్టరా?"

"దేశనూరులో మా మావ శివరామకృష్ణయ్య కొత్త ట్రాక్టరు కొన్నాడు. దాని పక్కన ఫోటో తీయించుకోవాలని ఇస్త్రీ పంచె కట్టుకుని, మీసం దువ్వుకుని నిలబడ్డాడు. నేను కెమెరాలోకి చూస్తా 'మావా, ఇంకాస్త పక్కకి... ఇంకాస్త' అంటా వెనక్కి నడిచాను. వెనక్కి, వెనక్కి..."

"నడిచి?"

"గట్టు అయిపోయింది."

"పడితివా!"

"నడుం దాకా. పక్క మళ్ళో నాటేస్తున్న ఆడోళ్ళు గొల్లుమన్నారు. కెమెరా తడవకూడదని పైకెత్తి పట్టుకున్నా. వేలెప్పుడు నొక్కుకుందో నాకే తెలీదు."

"అంటే వాళ్ళు నగింది..."

"నన్ను చూసి."

"ఓరి నీ ప్రకృతి పాడుగాను! అది ప్రైజు ఫోటోనా?"

"కడిగాక చూస్తే ఆ రీలులో బాగా వచ్చింది అదొక్కటే. మావ లేడు, ట్రాక్టరు లేదు. ఒకదాంట్లో మాత్రం చక్రం సగం వచ్చింది. ఆయన ఇప్పటికీ ఎక్కడ కనపడినా 'నా ఫోటో ఏదిరా' అంటాడు. 'బెంగుళూరు పంపాను మావా' అంటున్నా."

"అబ్బబ్బా... ఉండప్పా, కడుపు నొస్తాండాది."

"నవ్వు నవ్వు. నేను ఒప్పేసుకున్నా. ఇప్పుడు నీ వంతు. పట్టుకో."

"ఇదో, పట్టుకున్నా. తియ్యి."

"గాల్లో కాదయ్యా! పటం దగ్గరికి పో. అదిగో, సరోజినీదేవి టీచరు గారి పటం సగంలో ఉంది కదా. కళ్ళు మిగిలాయి. కళ్ళు దిద్దు. దిద్దుతుండగా నొక్కుతా."

"కండ్లు వద్దు. చీరంచు దిద్దుతా."

"చీరంచు ఎవరు చూస్తారు? నీ పటాలకి పేరొచ్చిందే కళ్ళ వల్ల."

"ఈ పొద్దు దినం మంచిది కాదప్పా. అమాస."

"అమావాస్య మొన్నే అయిపోయింది."

"ఆ... అట్లనా."

"ఒక్క గీత. రెప్ప మీద. నేను లెక్కపెడతా. ఒకటి... రామన్నా, చెయ్యెందుకట్లా వణుకుతోంది?"

"యాడ? టీ తాగలేదు, దానికి."

"ఇందాకే రెండు తాగావు."

"రెండు తాగితి, దానికి."

"రామన్నా, బ్రష్షు కింద పడింది."

"పడనీ."

"తీసివ్వనా?"

"వద్దు, బిడు, ఉండనీ. పున్నయ్యా... ఆ తలుపు స్వల్ప దగ్గరకెయ్యి. లోపల ఆమె ఉండాది."

"వేశాను. చెప్పు."

"రెండేండ్ల కింద సినిమా బోర్డు రాస్తా నిచ్చెన మీద్నుంచి పడితి కదా."

"తెలుసు. మణికట్టు విరిగింది. అతుక్కుంది కదా మరి?"

"అతుక్కునె. అన్నం తింటా, సైకిలు తొక్కుతా. 'ఈడ నోటీసులు అంటించరాదు' అని గోడల మీద పెద్దక్షరాలు రాస్తా. అది వంకర పోయినా ఎవరూ అడగరు. కన్ను మాత్రం రాదప్పా. రెప్ప కాడికి వస్తానే ఈ చెయ్యి జాతరలో పొట్టేలు మాదిరి వణుకుతాది."

"మరి ఈ రెండేళ్ళలో రాసినవి? రేపు పెట్టే ఎనిమిదింట్లో ఆరు ఆ తర్వాతవే కదా?"

"అంగీలు నావి. తలగుడ్డలు నావి. వెనకాల మబ్బులు నావి. మబ్బులు వణికినా అందంగానే ఉంటాయి. మొగాలు సిద్ధమ్మవి."

"వదినవా!"

"మెల్లగప్పా!"

"వదిన బొమ్మలు వేస్తుందా?"

"వాళ్ళ నాయన ఏటేటా జాతరకు సుంకలమ్మ బొమ్మకు కండ్లు దిద్దే మనిషి. చిన్నప్పుడు ఈమె రంగు గిన్నె పట్టుకుని పక్కన నిలబడేదంట. నా చేతికి కట్టున్నప్పుడు ఒకరి పటం అట్లే నిలిచిపాయె. వాళ్ళు తెల్లారి వస్తామని చెప్పి పంపినారు. నేను తల పట్టుకుని కూసుంటే, ఈమె 'ఇటియ్యి' అనె. రొట్టెలు తట్టి తట్టి కాయలు కాసిన చెయ్యి. ఒక్క తూరి గూడా వణకలే."

"నాక్కూడా చెప్పకుండా రెండేళ్ళు దాచావా?"

"ఎట్ల చెప్పేది? ఇంటి ముందర 'కోదండరామి, ఆర్టిస్ట్' అని మూరెడు అక్షరాలు రాసుకుంటి. ఎర్రరంగు. కింద నల్ల నీడ గూడా ఏస్తి. నీదేమప్పా, బురదలో పడితివి, లేసి కడుక్కుంటివి. నేను పడినకాడ్నే ఉండా."

"వదినని పిలువు."

"ఎందుకు?"

"బ్రష్షు పట్టుకోడానికి."

"ఆమె రాదు. ఊరికే గలాటా చేయాకు."

"సిద్ధమ్మ వదినా! ఓ వదినా! ఒక్కసారిలా రా!"

"వస్తాండా, వస్తాండా. ఏమప్పా పున్నయ్యా, మళ్ళా టీ కావల్నా?"

"టీ వద్దు తల్లీ. రామన్న అంతా చెప్పేశాడు."

"ఏమని?"

"కండ్ల సంగతి, సిద్ధమ్మా. చెప్పేస్తి."

"నీకేం పుట్టిందయ్యా! ఎవరికీ చెప్పొద్దని నువ్వే కదా ఒట్టు ఏయించుకుంటివి?"

"వదినా, ముందు కూర్చో. ఆ పటం ముందే. బ్రష్షు తీసుకో. గుమ్మం దగ్గర పెట్టే ఫోటో నీది."

"నాకొద్దప్పా. పొయ్యి మీద పప్పుండాది. చేతులకంతా పిండి."

"పప్పు నేను చూస్తా. కూసో."

"నగుతారు జనం. పెండ్లాం గీస్తే మొగుడు సంతకం పెడతాడని."

"నగనీ. నిజం అదే కదా. ఈ పున్నయ్యను చూసి నగితే ప్రైజే ఇచ్చినారు, మనకు చప్పట్లన్నా కొట్టరా?"

"ఆయనే ఒప్పుకున్నాక నీకేంటి వదినా? ఇదిగో, పటాల కింద పెట్టే చీటీలు మళ్ళీ రాస్తున్నా. ఆరింటి మీద ఇద్దరి పేర్లూ. ముందు ఎవరిది రాయను?"

"ఆమెదే రాయప్పా. మొగం ముందు, అంగీ తర్వాత."

"బాగుంది. మిగిలిన రెండూ?"

"అవి నేను పడేదానికి ముందువి. ఒకటి మా నాయనది. అది బాగలేదు, మా నాయన కాబట్టి పెట్టినా. ఇంగోటి గరిడీ ఉచ్చెంగెప్పది."

"కుస్తీ పైలవాను ఉచ్చెంగెప్పా? గరిడీలో గోడకి వేలాడేది?"

"అదే. అడిగి ఇప్పించుకొస్తి. ఆయప్ప పోయినా, ఇప్పటికీ పైలవాన్లు ఆ పటానికి మొక్కే కుస్తీకి దిగుతారు. యా పక్క నిలబడినా మనల్నే చూస్తాండాది. ఈ ఊర్లో జనం నన్ను మొదట 'ఆర్టిస్ట్' అనింది ఆ చూపును చూసే. పున్నయ్యా, దాని మీద మాత్రం నా పేరొక్కటే రాయప్పా. సన్నగా రాసినా సరే. అదొక్కటన్నా నాదని ఉండనీ."

"నీది నీదే రామన్నా. కాదనేదెవరు? ఏం వదినా? వదినా, వింటున్నావా?"

"వింటాండా. రాయప్పా. ఆయన పేరే రాయి."

"ఏందే, అట్ల తల ఒంచుకుంటివి?"

"ఏం లేదు. పప్పు మాడతాది, పోతా."

"మాడనీ. నిలబడు. ఏముండాదో చెప్పు."

"చెప్పేకి ఏముండాది? రాస్తానంటాండాడు కదా, రాయనీ."

"సిద్ధమ్మా. ఆ పటం నేనే కదా రాసింది?"

"నువ్వే. మీసాలు నువ్వే, కండలు నువ్వే, మెడలో తాయెత్తు నువ్వే."

"కండ్లు?"

"రామన్నా, పోనీలే, ఇప్పుడెందుకు అదంతా..."

"నువ్వుండప్పా. సిద్ధమ్మా, కండ్లు?"

"పెండ్లై ఎనిమిది దినాలాయె అప్పటికి. మధ్యాన్నం నువ్వు కండ్లు దిద్దితివి, తుడిస్తివి, మళ్ళా దిద్దితివి. బాగ రాలేదని ఏడ్సి, ఆ గోడకే ఒరిగి నిద్రపోతివి. నువ్వు లేసేలోపల నేను దిద్దితి. లేపి చెప్పేకి నాకు యాడిది అంత చనువు? నువ్వు లేసి ఆ కండ్లను చూసుకుని చిన్నపిల్లోని మాదిరి నగితివి చూడు, అది పోగొట్టేకి మనసు రాక పదేండ్లుగా నోరు మూసుకున్నా."