రోజంతా లభించును

కటక్‌లో బిడానాసి కూడలి, మండే మిట్టమధ్యాహ్నం. దహీబరా, అంటే పెరుగు గారెలు అమ్మే బండి వెనక అక్క, బండికి కొత్తగా కట్టిన బోర్డు కింద తమ్ముడు.

"ఆ బోర్డు విప్పెయ్."

"ఏమైందక్కా? మా వ్యాపార శిక్షణలో చెప్పినట్టే రాయించాగా, ‘తాజా దహీబరా రోజంతా లభించును’ అని!"

"అదేరా నా కొంప ముంచింది! పదహారేళ్లుగా పొద్దున పదింటికల్లా నా కుండ ఖాళీ. ఆలస్యంగా వచ్చినవాడు ఖాళీ కుండ చూసి, మర్నాడు ఆరింటికే వచ్చి నిలబడేవాడు. అంతకన్నా వేరే బోర్డు కావాలా నాకు?"

"ఎక్కువ చేస్తే ఎక్కువ పోతాయి కదా అని..."

"ఏం పోయాయి, నా పరువు తప్ప! మూడు రోజులుగా ఈ వేళకి కూడా కుండ నిండుగా కనపడుతోంది. ఇందాక మన పాత గిరాకీ పరిడా మాస్టారు ఏమన్నాడో తెలుసా? ‘ఏమ్మా, నిన్నటివా?’ అన్నాడు. నా చేతి బరాలని పట్టుకుని!"

"ఒక్క వారం ఓపిక పట్టక్కా. జనానికి అలవాటవుతుంది."

"ముందు నువ్వు అలవాటు చేసుకో. ఇదిగో దొన్నె. నలుగురూ చూసేలా నీ బోర్డు కింద నిలబడి తిను."

"ఇప్పుడా? ఆకలి లేదక్కా."

"తింటావా, నెత్తిన గుమ్మరించనా?"

తమ్ముడు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"ఏం, మింగవేం?"

"పులిసిపోయిందక్కా."

"ఆ ముక్క మూడు రోజుల నుంచి ఊరందరికీ నీ బోర్డు చెబుతూనే ఉందిరా, దద్దమ్మా!"